స్వయంగా హాజరైన సభ్యులు

నేపర్‌విల్‌లో కూతురింటికి వచ్చి వేసవి దాటిపోయినా వసంతకుమారి ఒక్క పొద్దున్న కూడా కాఫీ వేడిగా తాగలేదు. ఇక్కడ ఆమె కప్పు పట్టుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చునే వేళకి అక్కడ రేపల్లెలో సాయంత్రమవుతుంది. ఇళ్ళు తిరిగిన నర్సులు ఆఫీసుకి చేరుకుంటారు. అప్పుడే నాగమణి ఫోన్ చేస్తుంది.

"వసంతా, ఆడిటర్ మళ్ళీ కొర్రీ పెట్టాడే. ఆటోలకి రసీదులు లేవంట. ఆటోవాడు రసీదు ఎక్కడిస్తాడే?"

"వోచర్ మీద సంతకం పెట్టించమని పోయినేడే చెప్పాను కదా నాగూ."

"చెప్పావు. కొత్తమ్మాయి మర్చిపోయింది. ఇంకోటి, బ్యాంకులో కమిటీ అందరి ఆధార్లూ మళ్ళీ ఇమ్మంటున్నారు. ప్రెసిడెంటు సంతకం ఒరిజినల్ కావాలంట. ఫోటో తీసి పంపితే కుదరదంట."

"నేను ఇల్లినాయిస్‌లో ఉన్నానని చెప్పావా?"

"చెప్పాను. అదెక్కడమ్మా, తెనాలి దాటాకా అన్నాడు."

వసంతకుమారికి నవ్వు రాలేదు. కాఫీ మీద మీగడ కట్టింది. దాన్ని చెంచాతో పక్కకి తీసి, ఒక గుక్క తాగి, కప్పు దూరంగా జరిపింది.

"పరామర్శ" అనే సంఘానికి ఆమె అధ్యక్షురాలు. నాగమణి కార్యదర్శి. ఇద్దరూ గుంటూరులో ఒకే నర్సింగ్ స్కూల్లో, ఒకే హాస్టల్ గదిలో ఉండి చదువుకున్నారు. వేర్వేరు ఆసుపత్రుల్లో పనిచేసి రిటైరయ్యాక, తమలాంటి మరో ఐదుగుర్ని కలుపుకుని రేపల్లెలో ఈ సంఘం పెట్టారు. సొసైటీగా రిజిస్టర్ కావాలంటే చట్టం కనీసం ఏడుగురుండాలంటుంది. అందుకే ఏడుగురు. పని చెప్పుకోవడానికి చిన్నదే. మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి పుళ్ళు కడిగి కట్టు కట్టడం, మూత్రం గొట్టాలు మార్చడం, రోగిని ఎలా పక్కకి తిప్పాలో ఇంట్లోవాళ్ళకి నేర్పడం. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేశాక ఆ మనుషులు ఏమవుతారో వార్డుల్లో పనిచేసినన్నాళ్ళూ వీళ్ళెవరికీ తెలియదు. రిటైరయ్యాక చుట్టుపక్కల ఇళ్ళలో చూసి తెలుసుకున్నారు.

రిజిస్ట్రేషన్ నాడు పడ్డ అవస్థ తలుచుకుంటే వసంతకుమారికి ఇప్పటికీ కొంచెం సరదాగానే ఉంటుంది. మొదట రాసిన పేరు అప్పటికే ఇంకెవరికో ఉందని రిజిస్ట్రార్ ఆఫీసులో వెనక్కి పంపారు. రెండోదీ అంతే. ఆమె భర్త సామ్యూల్, పోస్ట్‌మాస్టర్‌గా రిటైరైన మనిషి, ఆఫీసు మెట్ల మీద కూర్చుని "పరామర్శ అని పెట్టండి, మీరు చేసేదదేగా" అన్నాడు. ఏడుగురిలో ఒకామె కూతురి కాన్పుకని హైదరాబాదులో ఉంటే, ఆయనే కాగితాలు పట్టుకుని రైలెక్కి సంతకం పెట్టించుకొచ్చాడు. సర్టిఫికెట్టు చేతికొచ్చిన రోజు ఏడుగురూ హోటల్లో కూర్చుని పూరీ తిన్నారు. కష్టమైన పని అయిపోయిందనుకున్నారు.

అసలు పని అప్పుడే మొదలైందని తర్వాత తెలిసింది. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలి. అది అయ్యాక కొత్త కమిటీ వివరాలు రిజిస్ట్రార్‌కి పంపాలి. ఆడిట్ చేయించాలి, ఇన్‌కంటాక్స్ రిటర్న్ వేయాలి. ఎవరైనా చనిపోతే వాళ్ళ స్థానంలో ఇంకొకర్ని తీసుకున్నట్టు తీర్మానం రాయాలి. ఆ ఏడుగురిలో నలుగురు అలా తీర్మానాల్లోకి వెళ్ళిపోయారు. కొత్తవాళ్ళు చేరి ఇప్పుడు సభ్యులు పదిహేను మంది. అందులో సామ్యూల్ ఒకడు. సంఘం తరఫున వచ్చే ఓటీపీలన్నీ ఆయన నంబరుకే వస్తాయి. అందుకని ఇండియా సిమ్ వేసిన పాత ఫోన్ ఒకటి నేపర్‌విల్ ఇంట్లో కిటికీ గట్టు మీద, సిగ్నల్ అందే చోట, ఎప్పుడూ ఛార్జింగ్‌లో ఉంటుంది.

కూతురు క్రిస్టీకి ఇది తొలి కాన్పు. డిసెంబరులో డేట్ ఇచ్చారు. అందుకే తల్లిదండ్రులు ఇంకొన్నాళ్ళుండేలా వీసా ఎక్స్‌టెన్షన్‌కి అప్లై చేసింది. తను కూడా నర్సే, అరోరాలో ఒక ఆసుపత్రిలో. పొద్దున్నే డ్యూటీకి బయల్దేరుతూ తల్లి ఫోన్ మాటలు వింటూ ఉండేది.

"అమ్మా, నువ్వు హాలిడేకి వచ్చావా, ఆఫీస్ షిఫ్ట్ చేశావా?"

"నేనా చేసింది? అదే నా వెనకాల వచ్చింది."

అక్టోబరు మొదట్లో అరోరాలోని తెలుగు చర్చిలో పాస్టరుగారు వసంతకుమారిని మాట్లాడమన్నారు. ఒక అమెరికన్ చర్చి హాలుని ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకి తీసుకుని వాళ్ళక్కడ ఆరాధన జరుపుకుంటారు. ఆమెకి ఉపన్యాసాలు రావు. నిజాంపట్నం దగ్గర ఒక జాలరి భార్య గురించి చెప్పింది. నడుము విరిగి మంచంలో ఉన్న ఆవిడ, నర్సు వచ్చే రోజున మాత్రం తల దువ్వించుకుని ఎదురుచూస్తుంది, ఎందుకంటే ఆ వారంలో ఇంటికొచ్చే చుట్టం ఆ నర్సు ఒక్కతే. అంతే చెప్పి కూర్చుంది. వెనక వరసల్లో ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు.

మరుసటి ఆదివారం భోజనాల దగ్గర చర్చి పెద్ద కిరణ్‌కుమార్ వచ్చి ఆమె చేతిలో ఒక కవరు పెట్టాడు.

"వందనాలు సిస్టర్. మన చర్చి అందరం కలిసి మీ పరామర్శకి ఒక చిన్న కానుక. చర్చి పేరు మీదే చెక్ రాశాం."

వసంతకుమారి కవరు తెరిచి చెక్ చూసింది. తర్వాత దాన్ని రెండు చేతులతో తిరిగి ఆయన చేతిలో పెట్టింది.

"ఇది తీసుకోకూడదండి. ఏమీ అనుకోవద్దు."

"అదేంటండీ?"

"విదేశీ విరాళం తీసుకోవాలంటే ఢిల్లీలో వేరే రిజిస్ట్రేషన్ ఉండాలి. మాకు లేదు. దానికి పడే పాట్లు మావల్ల కాదని మొదట్లోనే వదిలేశాం."

"విదేశీ ఏంటి సిస్టర్? మేమంతా గుంటూరు, కృష్ణా జిల్లాల వాళ్ళమే కదా!"

"మీలో ఇండియన్ సిటిజన్లు ఎవరైనా సొంత డబ్బు బ్యాంకులోంచి పంపితే అది వేరు. అమెరికన్ సిటిజన్లు ఇస్తే విదేశీ డబ్బే. చర్చి ఇచ్చినా అంతే."

చుట్టూ నిలబడ్డవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పేపర్ ప్లేట్లో బిర్యానీ పట్టుకున్న ఒకామె, "పోనీలెండి, మన డబ్బు పనికిరాదంట" అని పక్కావిడతో అంది. మెల్లగా అన్నానని అనుకుంది గానీ అందరికీ వినపడింది. కిరణ్‌కుమార్ మాత్రం మర్యాదస్థుడు. కవరు జేబులో పెట్టుకుంటూ "ప్రార్థన చేస్తాం సిస్టర్" అన్నాడు. ఆ ముక్క ఆమెకి ఇంకా కష్టంగా తోచింది.

ఇంటికి వెళ్ళేటప్పుడు కార్‌లో ఆ కవరు మాటే నడిచింది. డ్రైవ్ చేస్తున్న అల్లుడు జూడ్ ఒక ఉపాయం చెప్పాడు.

"అత్తయ్యగారూ, సింపుల్‌గా ఒకటి చేయొచ్చు కదా. వాళ్ళు మాకిస్తారు. మేం మీకు గిఫ్ట్ ఇస్తాం. మీరు అక్కడ మీ సొసైటీకి డొనేట్ చేస్తారు."

"ఎన్ని చేతులు మారినా అదే డబ్బు బాబూ. అలా తీసుకున్నా తప్పే."

ముందు సీట్లో ఉన్న క్రిస్టీ వెనక్కి తిరిగింది. "అంటే నేనిచ్చినా తీసుకోవా?"

"నువ్వు పోయినేడు సిటిజన్‌షిప్ తీసుకున్నావు కదమ్మా."

"నేను నీ కూతుర్ని."

"చట్టంలో ఆ కాలమ్ లేదు."

ఆ మాట విసుగ్గా వచ్చింది. అనగానే వసంతకుమారి నాలుక కరుచుకుంది. క్రిస్టీ మళ్ళీ ముందుకి తిరిగి, బరువైన పొట్ట మీద సీటుబెల్టు సర్దుకుని, రోడ్డుకేసి చూస్తూ కూర్చుంది.

ఆ సాయంత్రం వసంతకుమారి, సామ్యూల్ ఇంటి వెనక చెరువు చుట్టూ నడిచారు. మేపుల్ ఆకులు దారంతా పరుచుకుని ఉన్నాయి. ఆమె ఒక బెంచీ మీద కూర్చుండిపోయింది.

"మూసేద్దామండీ."

"ఏంటి?"

"సంఘం. నాకింక ఓపిక లేదు. పుండు కడగడానికి నేనెప్పుడూ అలిసిపోలేదు. ఈ సంజాయిషీలు చెప్పడానికి అలిసిపోయాను. అక్కడ ఆడిటర్‌కి, ఇక్కడ దేవుడి మందిరంలో కూడాను."

సామ్యూల్ పక్కన కూర్చున్నాడు. "ఈ మాట నీ నోట ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను. ముందు నేనంటే కోప్పడతావని ఊరుకున్నా."

"మీకూ విసుగొచ్చిందా?"

"నాకు డెబ్బయి దాటాయే వసంతా. నిద్రలో కూడా ఓటీపీ వచ్చినట్టు లేస్తున్నాను."

ఇద్దరూ నవ్వారు. కానీ నవ్వు త్వరగానే ఆగిపోయింది. మూయడం కూడా అంత తేలిక కాదని సామ్యూల్‌కి తెలుసు. ఇంటికొచ్చాక నియమావళి తీసి చదివాడు. సంఘాన్ని రద్దు చేయాలంటే మొత్తం సభ్యుల్లో ఐదింట మూడు వంతుల మంది సమావేశంలో ఒప్పుకోవాలి. మంచాలు, నీటి పరుపులు, చక్రాల కుర్చీలు, బ్యాంకులో మిగిలింది ఏదీ సభ్యులు పంచుకోవడానికి వీల్లేదు. అదే పని చేసే ఇంకో సంఘానికి అప్పగించాలి. ఓటు వేసే హక్కు "సభకు స్వయంగా హాజరైన సభ్యులకు" మాత్రమే ఉంటుంది.

"వీడియోలో కనపడితే?" అంది వసంతకుమారి.

"ఇది రాసినప్పుడు మనకి వీడియో ఎక్కడిది? స్వయంగా అంటే స్వయంగానే. నువ్వు మాట్లాడొచ్చు. చెయ్యెత్తితే లెక్కలోకి రాదు."

మర్నాడు పొద్దున్న నాగమణి ఫోన్ చేసినప్పుడు వసంతకుమారి ముందు ఈ సంగతే చెప్పింది. ఈ ఏటి సర్వసభ్య సమావేశంలో రద్దు ప్రతిపాదన పెడదామంది. గుడివాడ వైపు ఇలాంటి పనే చేస్తున్న పెద్ద సంఘం ఒకటుంది, సామాను వాళ్ళకిచ్చేద్దామంది.

"నాగూ, ఉన్నావా?"

"ఉన్నాను. ఎక్కడికి పోతాను? పోయేవాళ్ళు నువ్వూ మీ ఆయనా. గుడివాడ వాళ్ళు నిజాంపట్నం వస్తారంటే?"

"రారేమో. టౌన్ వరకూ చూస్తారు."

"మరి ఊళ్ళలో వాళ్ళు?"

"మన సంఘం పుట్టకముందు కూడా వాళ్ళున్నారుగా."

"అప్పుడు ఎలా చచ్చేవాళ్ళో నీకు తెలీదా?" నాగమణి గొంతు పెరిగింది. "నాకు మాత్రం ఓపికుందే? మోకాళ్ళు రెండూ పోయాయి. మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాలి. నేనేమైనా మూసేద్దామన్నానా? నువ్వు అమెరికాలో కూర్చుని…"

"అమెరికాలో కూర్చుంటే అలుపు తీరుతుందని ఎవరన్నారు?"

నాగమణి ఫోన్ పెట్టేసింది. హాస్టల్ రోజుల నుంచీ వాళ్ళెన్నోసార్లు పోట్లాడుకున్నారు గానీ, మాట మధ్యలో పెట్టేయడం ఇదే మొదలు. అప్పట్నుంచి ఆమె వాట్సాప్‌లో ముక్తసరిగా రాసేది. నోటీసు అందరికీ పంపాను. ఫలానా శనివారం సాయంత్రం. అంతే.

ఆ రోజుల్లోనే చెరువు దగ్గర నడిచేటప్పుడు జాహ్నవి ఎదురొచ్చింది. మూడు వీధుల అవతల ఉంటుంది, కరీంనగర్ అమ్మాయి, ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేస్తుంది.

"ఆంటీ, క్రిస్టీ చెప్పింది మీరు నర్స్ అని. మా మామగారు ఇక్కడికి వచ్చినంక స్ట్రోక్ వచ్చింది. ఒక సైడ్ మొత్తం పడిపోయింది. హాస్పిటల్ నుంచి డిశ్చార్జ్ చేసిన్రు. ఇప్పుడు వీపు కింద ఏదో అయింది, నాకు భయమైతుంది. ఒక్కసారి వచ్చి చూస్తరా?"

క్రిస్టీ ఈ మాట వినగానే తల్లిని పక్కకి పిలిచింది. "అమ్మా, వెళ్ళు, చూడు, చెప్పు. కానీ చెయ్యి వేయకు. నీకిక్కడ లైసెన్స్ లేదు. ఏదైనా అయితే నీకూ ప్రాబ్లమ్, వాళ్ళకీ ప్రాబ్లమ్. వాళ్ళ హోమ్ హెల్త్ నర్స్‌కి ఫోన్ చేయమని నేనూ చెప్తాను."

"కూతురిస్తే తీసుకోకూడదు, మీటింగులో చెయ్యెత్తకూడదు, రోగిని ముట్టుకోకూడదు. ఇంకేమైనా ఉన్నాయా తల్లీ?"

"అమ్మా!"

"సరే, ముట్టుకోనులే."

జాహ్నవి మామగారు భీమశంకర్ కింది గదిలో ఉన్నాడు. పొడవాటి మనిషి. మాట పోయింది గానీ కళ్ళు అన్నీ గమనిస్తున్నాయి. గదిలో అడుగు పెట్టగానే వసంతకుమారికి ఆ వాసన తెలిసింది. రేపల్లెలో ఎన్నో ఇళ్ళ గుమ్మాల్లో పలకరించిన వాసనే. ఇక్కడ దాని మీద లావెండర్ కొట్టారు. ఆమె కుర్చీ మంచం దగ్గరికి జరుపుకుని కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"నమస్కారం అన్నయ్యగారూ. నేను వసంతని. మీ కోడలికి కొంచెం పని నేర్పిద్దామని వచ్చాను. మీకు నొప్పెడితే కళ్ళు గట్టిగా మూయండి. ఆపేస్తాం."

ఆయన ఆమె కేసి చూసి, కళ్ళు ఒకసారి మెల్లగా మూసి తెరిచాడు.

"జాహ్నవీ, ఆ మోకాలు మడువమ్మా. కాదు, లాగొద్దు. దుప్పటి పట్టుకుని నీ వైపు దొర్లించు. భుజం, తుంటి రెండూ ఒకేసారి రావాలి. అదీ. దిండు వీపు వెనక పెట్టు. మడమలు పరుపుకి ఆనకూడదు."

మొదటిసారి ఆయన సగం తిరిగి మళ్ళీ వెనక్కి వాలిపోయాడు. వసంతకుమారి చేతులు ఒళ్ళోంచి వాటంతటవే లేచాయి. మళ్ళీ దించి, వేళ్ళు ఒకదాంట్లో ఒకటి గట్టిగా బిగించుకుంది. తన చేతికిస్తే క్షణంలో అయ్యే పనిని మాటల్లో చెప్పడం ఇంత కష్టమని ఆమెకి తెలియదు. వార్డుల్లో కొత్త నర్సులకి పని నేర్పినప్పుడు కూడా ముందు తను చేసి చూపించేది.

పుండు నడుం కింద, అరచెయ్యంత ఉంది. అంచులు నల్లబడ్డాయి.

"ఇది ఈ రోజే మీ నర్సుకి ఫోటో తీసి పంపు. రెండు రోజులాగి వస్తాననకూడదు. ఈ రోజే డాక్టర్‌తో మాట్లాడమని గట్టిగా చెప్పు. ఇంక నీ పనల్లా తిప్పడం. పగలూ రాత్రీ, రెండు గంటలకోసారి. మీ ఆయనా నువ్వూ వంతులు వేసుకోండి."

"నాతోని అయితదా ఆంటీ?"

"ఇప్పుడు చేశావు కదా."

వసంతకుమారి రోజూ వెళ్ళి అదే కుర్చీలో కూర్చునేది. ఆసుపత్రి వాళ్ళు మర్నాడే వచ్చి చచ్చిన చర్మం తీసి వేరే రకం కట్టు వేశారు. తిప్పే పని జాహ్నవి పట్టుకుంది. వారం గడిచేసరికి ఆమెకి చెప్పాల్సిన అవసరం తగ్గింది. ఇంకో వారానికి పుండు అడుగున ఎర్రటి కండ కనిపించింది. ఒకరోజు వసంతకుమారి వెళ్ళేసరికే జాహ్నవి ఆయన్ని తిప్పి, దిండ్లు సర్ది, లాప్‌టాప్‌లో మీటింగ్ వింటోంది. చెప్పడానికేం మిగల్లేదు. ఆమె భీమశంకర్ పక్కన కాసేపు ఊరికే కూర్చుని, వాతావరణం సంగతి మాట్లాడి వచ్చేసింది.

సమావేశం రోజు శనివారం పొద్దున్నే క్రిస్టీ వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టి వీడియో కలిపింది. రేపల్లెలో రష్మి అనే నర్సు తన ఫోన్‌ని డైపర్ల పెట్టెకి ఆనించి నిలబెట్టింది. ముప్ఫయ్యేళ్ళుంటాయి రష్మికి. నర్సింగ్ హోమ్‌లో ఉద్యోగం చేస్తూ, సెలవు రోజుల్లో సంఘం తరఫున ఊళ్ళు తిరుగుతుంది. ప్లాస్టిక్ కుర్చీలు చాలక ఇద్దరు నీటి పరుపుల అట్టపెట్టెల మీద కూర్చున్నారు. పదమూడు మందీ వచ్చారు. మామూలు ఏడాదుల్లో కోరం కోసం ఫోన్లు చేసి బతిమాలాల్సి వచ్చేది.

అధ్యక్షురాలు ఊళ్ళో లేదు కనుక సభ నడపమని నాగమణినే కోరారు. ఆమె తెరకేసి చూడకుండా కిందటేటి మినిట్స్ చదివింది, లెక్కలు ఆమోదింపజేసింది. తర్వాత "రద్దు ప్రతిపాదన. వసంతకుమారి మాట్లాడుతుంది" అని కూర్చుంది.

వసంతకుమారి రాసుకున్న కాగితం ఒకటుంది. దాన్ని చూడలేదు.

"నేను అబద్ధం చెప్పను. గుడివాడ వాళ్ళు మనకంటే బాగా చేస్తారని కాదు. నాకు ఓపిక అయిపోయింది. మీలో కూడా కొందరికి అయిపోయిందని నాకు తెలుసు, మొహమాటపడి చెప్పట్లేదు. బోర్డు వేలాడుతూ లోపల ఎవరూ లేకుండా అయ్యే కంటే, మనుషులుండగానే మర్యాదగా మూసుకోవడం నయం. అంతే. ఇందులో ఎవరి తప్పూ లేదు."

రష్మి లేచి నిలబడింది.

"మేడమ్, మీరు మూసేద్దామంటే కాదనే వయసు కాదు నాది. కానీ రేపు ఆదివారం నేను నిజాంపట్నం వెళ్ళాలి. జాలరి మామ్మకి గొట్టం మార్చాలి. మీరివాళ మూసినా రేపు వెళ్తాను. సంఘం లేకపోతే మందులు, కట్లు నేను కొనుక్కోవాలి, ఏ అధికారంతో వచ్చావని ఎవరన్నా అడిగితే చెప్పలేను. తేడా అంతే మేడమ్."

నాగమణి ఓటింగ్ పెట్టింది. పదిహేను మందిలో తొమ్మిది మంది ఒప్పుకోవాలి. ఆరు చేతులు లేచాయి. తెర మీద ఆ చేతులెవరివో వసంతకుమారి ఒక్కొక్కటే చూసింది. ఎక్కువ ఏళ్ళు పనిచేసినవాళ్ళవే అన్నీ. ఎవరూ ఆమె కేసి చూడలేదు, తప్పు చేసినట్టు తలలు దించుకున్నారు. రష్మి చెయ్యి లేవలేదు. నాగమణిదీ లేవలేదు.

"వీగిపోయింది" అంది నాగమణి. మొదటిసారి తెరకేసి తిరిగింది. "ఇప్పుడేం చేద్దామే?"

"నా రాజీనామా తీసుకోండి."

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా."

"ముందే చెప్తే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకోను."

"ఇప్పుడు?"

నాగమణి కళ్ళజోడు తీసి పమిట చెంగుతో తుడుచుకుంది. చాలాసేపే తుడిచింది. "ఇప్పుడు ఒప్పుకుంటాను. ఎవరైనా ప్రతిపాదించండి" అంది.

అధ్యక్షురాలిగా రష్మి పేరు నాగమణే చెప్పింది. తను ఇంకో ఏడాది మాత్రం కార్యదర్శిగా ఉంటానంది. రష్మి వద్దని రెండుసార్లంది, మూడోసారి ఊరుకుంది. లేచిన ఆరు చేతుల్లో నాలుగు మళ్ళీ రష్మి కోసం లేచాయి. మిగిలిన ఇద్దరూ లేచి నిలబడి, వసంతకుమారికి దణ్ణం పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. వాళ్ళూ మానేశారని ఆమెకి అర్థమైంది.

క్రిస్టీ లాప్‌టాప్ మూసి తల్లి భుజం మీద చెయ్యి వేసింది. "ఆర్ యూ ఓకే అమ్మా?"

"ఆకలేస్తోంది. ఏమైనా పెట్టు."

క్రిస్టీ దోసె పోసింది. వసంతకుమారి రెండు తిని, వెళ్ళి పడుకుంది. మధ్యాహ్నం దాటినా లేవలేదు. సామ్యూల్ రెండుసార్లు వచ్చి చూసి, కర్టెన్ దగ్గరికి లాగి వెళ్ళాడు.

సోమవారం కొత్త కమిటీ వివరాలు పంపడానికి రష్మి ఫోన్ చేసింది. వచ్చిన ఓటీపీని సామ్యూల్ అంకె అంకెగా చదివాడు. "సార్, ఇంక మీ నంబరు తీసేసి నాది పెడుతున్నాం" అంది రష్మి. "మంచిదమ్మా" అన్నాడాయన. తర్వాత ఆ పాత ఫోన్‌ని స్విచాఫ్ చేసి సూట్‌కేసులో వేశాడు.

పొద్దున్న ఫోన్లు ఆగిపోయాయి. కాఫీ వేడిగా ఉన్నా వసంతకుమారికి రుచి తెలియలేదు. మొదటి రెండు మూడు రోజులు ఆ వేళకి లేచి వంటింట్లో అటూ ఇటూ తిరిగింది. కొత్త కమిటీ నిజాంపట్నం దాటాక సముద్రం వైపు చివరి రెండు ఊళ్ళు తగ్గించిందని వాట్సాప్ గ్రూపులో చదివింది. మనుషులు చాలడం లేదట. అందులో ఒక ఊరికి ఆమె మొదటి ఏడాది వర్షంలో నడిచి వెళ్ళింది. ఏదో రాయబోయి చెరిపేసింది. భర్తకి చూపిస్తే ఆయన, "నువ్వుంటే తగ్గించనిచ్చేదానివి కాదు. ఆ ఊళ్ళన్నీ పట్టుకుని కూర్చునే ఇంత అలిసిపోయావు" అన్నాడు. నిజమే అయినా, ఆ మాటకి ఆమె ఆ రోజంతా ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు.

క్రిస్టీతో మాత్రం ఒక సాయంత్రం పసిబట్టలు మడతపెడుతూ, "ఆవేళ కార్‌లో అలా అనకుండా ఉండాల్సింది" అంది.

"కాలమ్ లేదనా?" క్రిస్టీ నవ్వింది. "నేను హాస్పిటల్‌లో అందరికీ చెప్పా ఆ డైలాగ్." చేతిలోని చిన్న చొక్కా పక్కన పెట్టి, "కానీ హర్ట్ అయ్యానమ్మా" అంది.

"తెలుసు."

నవంబరు చివర్లో భీమశంకర్‌ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి జాహ్నవి చెరువు దగ్గరికి తీసుకొచ్చింది. మీద రెండు శాలువాలు కప్పింది. వసంతకుమారిని చూసి ఆయన కుడిచెయ్యి కొంచెం ఎత్తాడు.

ఆ తర్వాత రోజు పొద్దున్న ఫోన్ మోగింది. నాగమణి.

"జాలరి మామ్మ పోయిందే. నిన్న. రష్మి దగ్గరే ఉంది. బాధేం పడలేదంట."

వసంతకుమారి కుర్చీ లాక్కుని కూర్చుంది. "పుండు…"

"పుండేం లేదు. ఒళ్ళు శుభ్రంగా ఉంది. నీకు చెప్పాలనిపించి చేశాను. వేరే పనేం లేదు."

అవతల రేపల్లెలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఆటో రసీదుల సంగతి, బ్యాంకు సంగతి అడగడానికి వసంతకుమారికి నోటిదాకా వచ్చింది. అవిప్పుడు తను అడగాల్సినవి కావు. అవి లేకుండా నాగమణితో ఏం మాట్లాడాలో ఒక్క క్షణం తోచలేదు.

"మోకాళ్ళు ఎలా ఉన్నాయే?" అంది చివరికి.

"అడిగావా తల్లీ! ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి" అంది నాగమణి. "ఎడమది మరీ పాడైంది. తెనాలిలో ఒక డాక్టర్ మార్చుకోమంటున్నాడు. మార్చుకుంటే నడుస్తానంటావా?"

"ఎక్స్‌రేలు పంపు, చూస్తాను. క్రిస్టీ ఆసుపత్రిలో కూడా అడుగుతాను. తొందరపడి ఒప్పుకోకు."

"ఆపరేషన్ అయితే నాలుగు వారాలు ఎవరుంటారే నా దగ్గర?"

"నేనుంటాను. ఫిబ్రవరిలో వస్తాంగా. అప్పటిదాకా ఆగు" అంది వసంతకుమారి. అని, కప్పు దగ్గరికి తీసుకుంది.